వెనుక సీట్ల లెక్క

శనివారం పొద్దున, షార్జా షోరూంల
ఏసీ కంటే చల్లగ నవ్విండు సేల్స్ పిలగాడు.
"హైబ్రిడ్ సార్. లీటరుకు పద్దెనిమిది. ఒక్కోసారి ఇరవై."
ఒక్కోసారి అన్న మాటతోని
నాకు పదిహేడేండ్ల దోస్తానా.

ఎనిమిదేండ్లు ఉమ్మల్ కువైన్ల ఒక ఇంటి బండి నడిపిన.
ఆరేండ్లు అజ్మాన్ల స్కూలు బస్సు.
మూడేండ్ల సంది ఆ బస్సులకే సూపర్వైజర్ని.
బానెట్ మీద చెయ్యి పెడితే చాలు,
ఇంజనుకు ఎంత జొరమున్నదో చెప్తా.
ఈ బండి మీట నొక్కితే చప్పుడే లేదు.
"స్టార్ట్ కాలే" అన్న.
"అయింది సార్."
పిలగాని ముంగట నా ముఖం ఎర్రవడ్డది.

స్వరూపకు సిగ్గు లేదు, లెక్కలున్నయి.
మా పాత బండిలకెల్లి ఇరవై కిలోల బియ్యం సంచి దింపిచ్చి
కొత్త దాని డిక్కీల ఎక్కిచ్చింది.
తర్వాత రుత్విక్ సైకిలు. తర్వాత మడతబెట్టిన ఇస్త్రీ బల్ల.
మూడో వరుస లేపితే సంచి పట్టది.
సంచి పడితే మూడో వరుస లేదు.
"ఏడుగురు కూసుంటరు, అన్నం మాత్రం తినరు"
అని డైరీల రాసుకున్నది.

ఎడమ దిక్కు, వెనుక సీటు పక్కన చిన్న జాలీ ఉన్నది.
బ్యాటరీ ఊపిరి తీసుకునేది అందులకెల్లే.
జులై ఎండల అది మూసుకపోతే
లక్షల బండి మూలకు పడతది.
నేను ఈ ముచ్చట చెప్పేలోపట్నే
రుత్విక్ అందుల పల్లి పొట్టు పోసిండు.

"బ్రేకు తొక్కినప్పుడల్లా కరెంటు కూడబెడతది మేడం."
"ఆగినప్పుడు కూడబెడతదా?"
స్వరూప నన్ను చూసింది.
కరోనల మూడు నెలలు ఆగినం మేము.
కూడింది ఏం లేదు,
అల్ ఐన్ కాడి సేటు దగ్గరికి గొలుసు పోయింది.

నెలకు రెండువేల నాలుగువందల కిలోమీటర్లు,
బర్షాల మందుల షాపుకు ఆమె పోను రాను.
పాతదానికి రెండువందల పదారు లీటర్లు, దీనికి నూటముప్పై.
మిగిలేది సుమారు రెండువందల నలభై దిర్హాములు,
అదీ వచ్చే నెల ధర పెరగకుంటే, తగ్గకుంటే.
కిస్తీ పదిహేడు వందలు.
"పెట్రోలు దేశంల పెట్రోలు మిగిలిచ్చుకుంటున్నం"
అని నవ్వింది. పిలగానికి తెలుగు రాదు, తనూ నవ్విండు.

టెస్ట్ డ్రైవుకు మలీహా రోడ్డు ఎక్కినం.
స్టీరింగ్ పట్టుకున్నంక, నాకు తెల్వకుండనే,
నా చెయ్యి లోపలి అద్దాన్ని పైకి తిప్పింది.
ఇంటి డ్రైవరుకు మొదటి రోజు నేర్పేది అదే:
వెనుక కూసున్న మేడం ముఖం నీ అద్దంల కనపడొద్దు.
ఆమె ఏడ్చినా, ఫోన్ల అరిచినా
నీ కండ్లు రోడ్డు మీద, నీ చెవులు జేబుల.
ఎనిమిదేండ్లు నేను ఆకాశాన్ని వెనక్కి చూసుకుంట నడిపిన.

సిగ్నల్ కాడ ఇంజను దానంతట అదే సద్దుమణిగింది.
అంత నిశ్శబ్దంల, వెనుకకెల్లి
సంహిత చిన్నగ అడుగుతున్నది,
"అమ్మా, నాన్న మనల్ని ఎందుకు చూస్తలేడు?"

పచ్చలైటు వడ్డది. వెనుక ఎవడో హారను కొట్టిండు.
నేను అద్దం కిందికి దించిన.
రుత్విక్ మూతి మీద పల్లి పొట్టు,
సంహిత కండ్లు, నా కండ్లలెక్కనే ఉన్నయి,
స్వరూప కిటికీల చూసుకుంట ఇంకా భాగారాలు చేస్తున్నది.

"ఏం అనుకున్నరు సార్?" అన్నడు పిలగాడు.
జాలీల పొట్టు తియ్యాలె, అన్న.
ఇద్దరం మోకాళ్ల మీద కూసోని, పుల్లతోని, చాలాసేపు తీసినం.

ఇంటికి పాత బండిలనే వచ్చినం.
దాని ఏసీ ఇంకా ముక్కుతనే ఉన్నది,
బియ్యం సంచి మళ్ల దాని చోట్ల అది కూసున్నది.
స్వరూప డైరీ మూసి అడిగింది:
"దీంట్ల అద్దం ఎప్పుడు దించినవ్?"